సౌడుబీడు నీళ్ళు

మా బావ సీతారాములు నూలు తెల్లగా చేయడంలో చేయి తిరిగిన మనిషి. దేవరకొండ చుట్టుపక్కల ఏ పద్మశాలి ఇంట్లో ముతక నూలు దిగినా, మగ్గానికి ఎక్కేముందు అది మా బావ వాకిట్లోకి రావలసిందే. పెద్ద కాగులో నీళ్ళు పోసి, చౌడునేల మీద తేలే ఉప్పుమట్టిని, మేము సౌడుమట్టి అంటాం, కలిపి, తేట వంచుకొని, అందులో నూలు కట్టలు ఉడికించేవాడు. బజారు సోడా వేస్తే దారం పెళుసెక్కుతుందని ఆయనకు దాని మీద కోపం. ఆయన ఉడికించిన నూలు చేతికి వెన్నలా తగిలేది.

నా పేరు వెంకటనర్సు. సావిత్రమ్మ మా అక్క. మా నాయిన పోయినంక నేను అక్కాబావల ఇంట్లోనే ఉండి మగ్గం నేసేవాణ్ణి. నందికొండ దగ్గర సాగర్ డ్యాముకు పునాదిరాయి పడిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. నాకు అప్పటికి మీసాలు బాగా దిగాయి, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి.

సౌడుమట్టి ఎక్కడైనా దొరుకుతుంది. చెరువు వెనక కూడా దొరుకుతుంది. కానీ బావకు అది పనికిరాదు. ఆయనకు సౌడుబీడు మట్టే కావాలి.

సౌడుబీడు మా ఊరికి పడమట, కల్వకుర్తి దిక్కుగా ఉంటుంది. గుట్టలు, బండరాళ్ళు, తంగేడు పొదలు దాటి పోతే ఒక్కసారిగా నేల చదునుగా విచ్చుకుంటుంది. కనుచూపు మేర తెలుపు. తుమ్మ మొలవదు, గడ్డి మొలవదు. నిజాం కాలంలో అక్కడ సురేకారం వండేవాళ్ళు గుడిసెలు వేసుకొని ఉండేవారట. తర్వాత ఒక బైరాగి వచ్చి కూర్చున్నాడట. ఇంకెవరో దొర జింకల వేటకు వచ్చి గుడారం వేశాడట. వచ్చినవాళ్ళ సంగతి అందరూ చెబుతారు. పోయినవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. ఒకసారి ఆ నేల తొక్కినవాడికి మళ్ళీ తొక్కాలనిపిస్తుందని మాత్రం అంటారు.

బావ అన్న బక్కయ్య కూడా అట్లాగే, మా అక్క పెళ్ళికి ముందే, ఒక ఎండాకాలం మట్టికి పోయి తిరిగి రాలేదు. ఎద్దులు బండిని ఖాళీగా ఇంటికి తెచ్చాయి. ఎంత వెతికినా మనిషి దొరకలేదు, ఎముక దొరకలేదు.

అప్పటినుంచి ఏటా బావ పోతూనే ఉన్నాడు. ఆ ఏడు మాత్రం ఉగాది దాటినకాడినుంచి మనిషి తీరు మారింది. నూలు పిండుతూ పిండుతూ ఆగిపోయేవాడు. నీళ్ళు కారే నూలు చేతిలో పట్టుకొని పడమటి దిక్కు చూస్తూ నిలబడేవాడు.

"ఏందయ్యా, గట్ల నిలబడ్డవ్?" అనేది అక్క.

"ఏం లేదు. మట్టి అయిపోయింది. పోవాలె."

"గంపల మట్టి ఇంక ఉన్నది గద!"

బావ మళ్ళీ నూలు పిండడంలో పడేవాడు. ఒకరోజు ఆ గంప ఎత్తి పెంటకుప్ప మీద గుమ్మరించి వచ్చాడు. వచ్చి, చేతులు దులుపుకొని, "ఇప్పుడు అయిపోయింది" అన్నాడు.

అక్క ఆ ఖాళీ గంప అందుకుంది. "సరే పో. కానీ నేను గూడ వస్త" అంది. "మీ అన్నను పోగొట్టుకున్నట్టు నిన్ను పోగొట్టుకోను."

బండి చోటే మియాది. మా వాడకట్టు చివర ఉండేవాడు. ఊరి నూలు మూటలన్నీ ఆయన బండి మీదనే సంతకు పోయేవి. మాటకారి. ఎద్దులతో తురకంలో, మాతో తెలుగులో, తనలో తాను రెండూ కలిపి మాట్లాడేవాడు. సౌడుబీడు అనగానే మొహం చిట్లించాడు గానీ అక్క కూడా వస్తున్నదని విని ఒప్పుకున్నాడు.

"వస్త చెల్లె. కానీ నా ఎడ్లు బీడుల అడుగు పెట్టయి. అంచు మీద బండి ఆపుత. మీరే గంపలతోని మోసుకొచ్చి పొయ్యాలె. పొద్దు నెత్తిమీదికి రాకముందే తిరగాలె. మంజూరా?"

"మంజూర్ భాయ్" అంది అక్క.

తెల్లవారుతుండగా బయలుదేరాం. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు, రెండు కుండల నీళ్ళు. దారంతా చోటే మియా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఈ సారి పంట వస్తే పెద్ద బిడ్డ పెళ్ళి చేస్తానన్నాడు. తన భార్య హసీనా పచ్చడిలో ఉప్పు ఎక్కువేస్తుందన్నాడు. బావ ముందుకు వంగి కూర్చొని, ఎద్దుల చెవుల మధ్యనుంచి దారి చూస్తున్నాడు. పిలుపు వచ్చిన పెళ్ళికి పోతున్నవాడిలా ఉంది ఆయన మొహం.

బండరాళ్ళు పలచబడ్డాయి. పిట్టల చప్పుడు ఎక్కడ ఆగిపోయిందో నాకు గుర్తులేదు. ఆగిపోయిందని మాత్రం ఉన్నట్టుండి తెలిసింది. ఎద్దులు రెండూ ఒక్కసారే నిలబడ్డాయి. ముందు బీడు.

చోటే మియా ఒక గుండురాయి నీడకు బండి తోలి ఎద్దులను విప్పాడు. మేము ముగ్గురం పారలు, గంపలు తీసుకొని లోపలికి నడిచాం. కాలు వేస్తే తెల్లటి పెచ్చు అప్పడంలా విరిగేది. దాని కింద మెత్తటి బూడిద. సున్నం వాసన. గాలి కదలదు. మన ఊపిరి మన చెవికే పెద్దగా వినిపిస్తుంది.

బావ పార తీసుకొని చెక్కడం మొదలుపెట్టాడు. నేను గంపలు నింపుతుంటే అక్క నెత్తి మీద పెట్టుకొని బండి దాకా మోసేది. సగం బండి నిండేసరికి నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పొద్దు ఎక్కుతోంది.

"చాలు బావా, పోదాం పా" అన్నాను.

"ఇంకొంచెం."

"చోటే మియా అక్కణ్నుంచి పిలుస్తుండు."

"పిలువనీ." బావ పార ఆపాడు. "నర్సూ... నీకు ఇనొస్తలేదా?"

"ఏంది?"

"నీళ్ళు."

నేను నవ్వబోయాను. అప్పుడు వినిపించింది. చెరువు కట్టకు అలలు తగులుతున్నట్టు... మెల్లగా... తపక్... తపక్...

తలెత్తి చూశాను. బీడు నడుమ నీళ్ళు నిలిచి ఉన్నాయి.

ఎండమావులు నేను చూడనివి కావు. మా ప్రాంతంలో పుట్టినవాడికి అవి కొత్తా? ఎండమావి వణుకుతుంది. దగ్గరికి పోతే వెనక్కి జరుగుతుంది. ఇది వణకలేదు. పడుకున్న జంతువులా కదలకుండా ఉంది. దాని మీదుగా పాచి వాసన వచ్చింది. ఆ ఎండలో, ఆ సున్నపు నేల మీద, చల్లటి పాచి వాసన.

నీళ్ళలో మోకాళ్ళ దాకా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తి ఊపుతున్నాడు.

"అన్నా..." అన్నాడు బావ. చిన్నపిల్లవాడి గొంతు అది. "అన్న పిలుస్తుండు."

నడిచాడు. నేను ఉరికి భుజం పట్టుకున్నాను. "బావా! గది ఎండమావి! నా మాట ఇను!"

బావ వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. పార కామను వెనక్కి విసిరాడు. నా దవడ మీద తగిలింది. పళ్ళు విరిగిన చప్పుడు తల లోపల వినిపించింది. కింద పడ్డాను. నోట్లో రక్తం, దుమ్ము. లేవబోతే రెండోసారి కొట్టాడు, మెడ కింది ఎముక విరిగేలా. ఎన్నడూ నన్ను ఒక్క మాట అనని మనిషి. కొట్టేటప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. కంపలు తొలగించేవాడి మొహం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

పార అక్కడే పడేసి నడిచిపోయాడు. పాదాలు మునిగాయి. మోకాళ్ళు మునిగాయి. నడుము. భుజాలు. వెనక్కి చూడలేదు. తల మునిగింది.

అక్క ఖాళీ గంప పారేసి అరుచుకుంటూ వచ్చింది. ఇద్దరం ఉరికాం. నీళ్ళున్న చోటికి చేరేసరికి నేల పొడిగా ఉంది. బావ అడుగులు పెచ్చు విరగ్గొట్టుకుంటూ పోయాయి, పోయి ఒకచోట ఆగిపోయాయి. తర్వాత అడుగు లేదు. చుట్టూ పగలని తెల్లటి నేల.

అక్క అక్కడ కూలబడి చేతులతో తవ్వింది. గోళ్ళు ఊడాయి. కింద బూడిదే. మళ్ళీ బూడిదే.

"నువ్వు గా దిక్కు పో. నేను గీ దిక్కు చూస్త" అంది లేచి.

విడిపోయాం. నేను ఒక చేత్తో భుజం పట్టుకొని "బావా! బావా!" అని పిలుస్తూ తిరిగాను. పిలిచిన పిలుపు పిలిచినచోటే పడిపోయేది. కాసేపు అక్క గొంతు వినిపించింది. తర్వాత వినిపించలేదు. ఎంతసేపు తిరిగానో తెలియదు. అక్క మళ్ళీ కనిపించినప్పుడు బావ పారేసిన పార చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"దొరికిండా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

అప్పుడు బండి దిక్కునుంచి ఎద్దు అరిచింది. కత్తి కింద పెట్టినప్పుడు అరిచే అరుపు.

ఉరికాం. ఒక ఎద్దు పలుపు తెంపుకొని గుట్టల్లోకి పోతోంది. రెండోది గుండుకు ఒదిగి వణుకుతోంది. బండి చక్రం పక్కన బావ ఉన్నాడు.

ఒళ్ళంతా తడి. ధోవతి అంచులనుంచి నీళ్ళు కారుతున్నాయి. జుట్టుకు పచ్చటి నాచు. ఆయన మోకాళ్ళ కింద చోటే మియా బోర్లా పడి ఉన్నాడు. బావ రెండు చేతులతో ఆయన తల పట్టుకొని మొహాన్ని నేలకు అదుముతున్నాడు. పొడి నేల. తెల్లటి, ఎండిన నేల. చోటే మియా కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆయన మొహం చుట్టూ బుడగలు వస్తున్నాయి... మట్టిలోంచి... బుడబుడమని...

నీళ్ళల్లో మునిగే మనిషి చప్పుడు అది.

"బావా! ఇడువు! చచ్చిపోతడు!"

వెనకనుంచి మెడ పట్టుకొని లాగాను. బావి అడుగు రాయిలా చల్లగా ఉంది ఒళ్ళు. కదలలేదు. చోటే మియా కాళ్ళు రెండుసార్లు తన్నుకొని చాపుకున్నాయి. బుడగలు ఆగిపోయాయి.

బావ తల తిప్పి నన్ను చూశాడు. చిరునవ్వు నవ్వాడు.

"చల్లగున్నయి నర్సూ. రా."

నా జుట్టు పట్టాడు. విరిగిన ఎముక లోపల ఏదో మళ్ళీ విరిగింది. మొహం నేలకు తగిలింది. మట్టి తగులుతుందనుకున్నాను. తగలలేదు. నీళ్ళు. ముక్కులో, నోట్లో, చెవుల్లో నీళ్ళు. కళ్ళు తెరిచాను.

కింద చాలా లోతు ఉంది. ఆకుపచ్చటి చీకటి. ఆ చీకట్లో మనుషులు నిలబడి ఉన్నారు. మునిగి లేరు, తేలి లేరు. జాతరలో రథం కోసం చూసేవాళ్ళలా భుజం భుజం ఆనించి నిలబడి పైకి చూస్తున్నారు. జడలు కట్టిన బైరాగి. టోపీ పెట్టుకున్న దొర. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. బావ పోలికలే ఉన్న ఒక పెద్దమనిషి. ఆయన పక్కన... బావ.

నన్ను పైనుంచి అదుముతున్నది బావ. కింద నిలబడి ఉన్నదీ బావే.

కింద ఉన్న బావ ఏడుస్తున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, వద్దు, రావద్దు అని ఊపుతున్నాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. వినపడలేదు. నా ఊపిరి అయిపోతోంది...

ఎక్కడో పైనుంచి అక్క గొంతు వచ్చింది, కప్పిన మూత అవతలనుంచి వచ్చినట్టు.

"ఇగో... నా దిక్కు చూడు. నేనెవరు?"

చప్పుడు లేదు.

"నా పేరేంది చెప్పు."

"రా" అంది ఆ గొంతు.

"నా పేరేంది?"

"చల్లగున్నయి. రా."

పార దిగిన చప్పుడు. తడిసిన మూట మీద గొడ్డలి పడినట్టు. నా జుట్టు మీది పట్టు సడలింది. పైకి లేచి, దగ్గి, కక్కుకున్నాను. నా నోట్లోంచి పడింది నాచు.

అక్క పార మళ్ళీ ఎత్తింది. వాడు, బావ మొహం ఉన్నవాడు, మోకాళ్ళ మీద ఉన్నాడు. మెడ సగం తెగింది. తెగినచోట రక్తం లేదు. నీళ్ళు. చల్లటి, పచ్చటి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. ఇంకా నవ్వుతున్నాడు. చేతులు చాపి అక్క దిక్కు పాకాడు. అక్క కొట్టింది. చీలమండ పట్టుకున్నాడు. అక్క కొట్టింది. ఆ నీళ్ళు ఆమె మొహం మీద, పెదవుల మీద చిందాయి. అక్క ఏడవలేదు, తిట్టలేదు. వంగి లేస్తూ, కందిచేనులో మోళ్ళు కొట్టేదానిలా, కొట్టింది.

చెయ్యి కదలడం ఆగినాక కూడా కొట్టింది. నేనే వెళ్ళి పార లాక్కున్నాను.

శవాలు రెండూ బండి మీదికి ఎట్లా చేర్చామో, కాడికి ఒకవైపు ఎద్దును కట్టి రెండోవైపు నేనూ అక్కా ఎట్లా లాగామో, ఇప్పటికీ నాకు సరిగ్గా గుర్తు లేదు. పొద్దు గూకకముందే దారిలో గొర్లకాపరులు కనిపించారు. వాళ్ళే ఊరు చేర్చారు.

పోలీసు ఠాణా అమీన్ సాబ్ వచ్చాడు. అక్క ఒక్కటే మాట చెప్పింది. "నేనే కొట్టిన." అక్కను చావడిలో కూర్చోబెట్టి శవాలను దవాఖానకు పంపారు. అక్కకు ఉరి పడుతుందని వాడకట్టంతా ఏడ్చింది.

దవాఖాననుంచి అమీన్ సాబ్ తిరిగి వచ్చినప్పుడు టోపీ చేతిలో పట్టుకొని వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఇద్దరూ నీళ్ళల్ల మునిగి చచ్చిండ్రంటుండు డాక్టర్ సాబ్. ఊపిరితిత్తుల నిండ నీళ్ళేనట. నీ బావ చచ్చి నాలుగైదు దినాలు అయ్యుంటదట. చేతుల తోలు గ్లౌసు లెక్క ఊడి వస్తాందట. పార దెబ్బలు చచ్చినంక పడ్డయట." గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. ఎన్నడు సచ్చిండు?"

"ఆ దినం పొద్దుగాల మాతోని రొట్టె తిన్నడు సాబ్."

ఆయన నన్ను చూశాడు, అక్కను చూశాడు. సాయంత్రానికి అక్కను వదిలేశారు.

బావ చితి అంటుకోలేదు. కట్టెలు సిమసిమలాడి ఆరిపోయాయి. మళ్ళీ పేర్చాం, మళ్ళీ ఆరిపోయింది. చివరికి గొయ్యి తీసి పూడ్చాం. చోటే మియాను వాళ్ళ కబరస్తాన్‌లో పెట్టినరోజు హసీనా మా వాకిట్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఒక్కటే అడిగింది.

"నర్సన్నా, గాడ నీళ్ళు యాడివి?"

అక్క లోపల మగ్గం మీద కూర్చొని నేస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఉండలేకపోయాం. మొదట నల్లగొండకు, నా పెళ్ళైనంక కొన్నేళ్ళకు హాలియాకు వచ్చాం. అప్పటికి సాగర్ కాలువ పారుతోంది. ఊరి చుట్టూ పచ్చటి వరిచేలు. నాకు అంత నీళ్ళు చూస్తే మొదట్లో భయమేసేది, తర్వాత అలవాటైపోయింది. అక్క మాతోనే ఉంది. మంచిదే. పిల్లలను ఎత్తుకుంటుంది, వంట చేస్తుంది, కాలువనుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి ఇంటిల్లిపాదికీ పోస్తుంది. జుట్టు నెరవలేదు. బావ పేరు ఎన్నడూ ఎత్తదు. నేను నీళ్ళ కింద చూసింది ఆమెకు ఎన్నడూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

మొన్న ఎండాకాలంలో నా భార్య జానమ్మ నన్ను దొడ్లోకి పిలిచి చెవిలో అడిగింది.

"మీ అక్క నీళ్ళు తాగంగ నువ్వు ఎన్నడన్న చూసినవా?"

"ఏం మాటే అది?"

"పెండ్లై వచ్చినకాడినుంచి చూస్తున్న. నేను చూడలే."

కోప్పడ్డాను. కానీ నాకూ గుర్తు రాలేదు. ఎంత వెతుక్కున్నా... ఒక్కసారి కూడా...

ఆ మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు నేనే లేచి కుండలోంచి చెంబులో సగానికి నీళ్ళు ముంచి అక్క చేతికిచ్చాను.

"బాగ ఎండున్నది అక్కా. జర నీళ్ళు తాగు."

అక్క చెంబు అందుకుంది. నా మొహం, జానమ్మ మొహం మార్చి మార్చి చూసింది. చిరునవ్వు నవ్వింది. చెంబు ఎత్తి పెదవులకు ఆనించుకుంది. గొంతు కదిలింది. మళ్ళీ కదిలింది. చాలాసేపు కదిలింది. చెంబు నా ముందు పెట్టి, కొంగుతో మూతి తుడుచుకొని, పిల్లలను చూడడానికి లోపలికి పోయింది.

జానమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చెంబు అంచుదాకా నిండి ఉంది.